ఒకరి మ్యాప్‌ను ఇంకొకరు దిద్దవచ్చా?

ఆటల గురించి వ్యాసమేమిటని మన టీచర్లలో కొందరు మొహం చిట్లించవచ్చు. కాని సెలవులకు హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన పిల్లల చేతిలో ఇప్పుడు ఫోన్ ఉంటోంది. ఆ ఫోన్‌లో వాళ్లు ఆడటమే కాదు, ఆట జరిగే చోటును కూడా తామే కట్టుకుంటున్నారు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో క్రాఫ్ట్‌ల్యాండ్ అని ఒక విభాగం ఉంది. అందులో గోడలు, మెట్లు, వంతెనలు పేర్చి ఒక మ్యాప్ తయారుచేసి, దాని కోడ్‌ను స్నేహితులకు పంపితే వాళ్లు వచ్చి అందులో ఆడతారు. మైన్‌క్రాఫ్ట్‌లో అయితే ఊళ్లకు ఊళ్లే కడుతున్నారు. ఇవి కంపెనీ జీతమిచ్చి కట్టించినవి కావు. ఆట మీద ఇష్టంతో, రాత్రిళ్లు మేలుకొని, పైసా ఆశించకుండా కట్టినవి.

ఇక్కడే ఒక ధర్మసందేహం వస్తుంది. ఎవరో కట్టిన మ్యాప్ మనకు నచ్చింది. కాని ఒక మూల గోడలోంచి మనిషి అవతలికి దూరిపోతున్నాడు. ఒక జట్టుకు మాత్రమే ఎత్తు చోటు దొరుకుతోంది. దాన్ని దిద్దడం మనకు చేతనవును. దిద్ది, ఇదిగో కొత్త వెర్షన్ అని అందరికీ పంచవచ్చా? పిల్లల గొడవలే అని కొట్టిపారేయడం తేలిక. నేను అలా అనుకోను. మన పాటలకు, మన బొమ్మలకు, మన కథలకు ఇదే జరిగింది. ఎవరో వచ్చి విన్నారు, తీసుకెళ్లారు, తమకు తోచినట్టు దిద్దారు, క్యాసెట్ మీద ‘జానపదం’ అని ఒక్క మాట వేశారు. పాడిన అవ్వ పేరు లేదు, ఊరి పేరు లేదు. అక్కడ మనం పోగొట్టుకున్నవాళ్లం. ఎడిటర్ తెరిచి కూర్చున్నప్పుడు మాత్రం తీసుకునేవాళ్లం మనమే అవుతాం. రెండు వైపులా ఒకే న్యాయం మాట్లాడగలమా అన్నదే ఇక్కడ ప్రశ్న.

ఈ సందేహం కొత్తది కాదు. 1993 డిసెంబరులో అమెరికాలో డూమ్ అనే ఆట వచ్చింది. దాన్ని చేసిన ఇడ్ సాఫ్ట్‌వేర్ వాళ్లు ఆట మ్యాపులను విడి ఫైల్‌లో పెట్టారు. దాంతో ఆడేవాళ్లు కొద్ది నెలల్లోనే సొంత మ్యాపులు చేయడం మొదలుపెట్టారు. వాళ్లలో ఒక మంచి అలవాటు స్థిరపడింది. మ్యాప్‌తోపాటు చిన్న టెక్స్ట్ ఫైల్ ఒకటి జతచేసేవారు. దానికి ఒక నమూనా ఉండేది. చేసినవాళ్ల పేరు, ఎవరెవరు సాయపడ్డారు, ఎంతకాలం పట్టింది, తెలిసిన లోపాలేమిటి అని వరసగా నింపాలి. అందులో రెండు గళ్లు నాకు చాలా ఇష్టం. ఒకటి, ఆధారం: ఇది మొదటినుంచీ కొత్తగా చేసిందా, ఇంకొకరిది తీసుకుని మార్చిందా? రెండోది, అనుమతి: దీన్ని ఆధారం చేసుకుని ఇతరులు ఇంకొకటి కట్టుకోవచ్చా, కూడదా? కొందరు కట్టుకోవచ్చని రాసేవారు, కొందరు వద్దని రాసేవారు. ఏది రాసినా చదివినవాడికి తాను ఎక్కడ నిలబడ్డాడో తెలిసేది. మనం కులధ్రువీకరణ పత్రం కోసం నింపే ఫారాల కంటే ఈ ఫారం ఎంతో మర్యాదగా ఉందని నాకనిపిస్తుంది. తెలుసుకోవలసింది మాత్రమే అడుగుతుంది.

అనుమతి గడి నింపి ఉంటే చిక్కు లేదు. చాలా మ్యాపులకు ఆ గడే ఉండదు. అప్పుడేం చేయాలన్నది అసలు కష్టం. దీనికి అందరికంటే పెద్ద ఉదాహరణ డోటా.

2002లో బ్లిజార్డ్ కంపెనీ వార్‌క్రాఫ్ట్ 3 అనే ఆటను విడుదల చేసింది. దాంతోపాటు వరల్డ్ ఎడిటర్ అనే పనిముట్టును కూడా ఇచ్చింది. దానితో యూల్ అనే మారుపేరున్న ఒక ఆటగాడు 2003లో డిఫెన్స్ ఆఫ్ ది ఏన్షియంట్స్ అనే మ్యాప్ చేశాడు. అదే డోటా. అతనికీ ఒక ముందుతరం ఉంది. స్టార్‌క్రాఫ్ట్ ఆటలో ఇంకొకరు చేసిన ఏయాన్ ఆఫ్ స్ట్రైఫ్ అనే మ్యాప్ నుంచి ఆ ఆట పద్ధతి వచ్చింది. అదే ఏడు వార్‌క్రాఫ్ట్‌కు కొత్త భాగం వచ్చింది. యూల్ తన మ్యాప్‌ను దానికి తగ్గట్టు ముందుకు తీసుకెళ్లలేదు. ఆడేవాళ్లు ఊరుకుంటారా? ఎవరికి వారు తమ డోటాలు చేసుకున్నారు. వాటిలోని మంచి వీరులను ఏరి ఇద్దరు కలిసి డోటా ఆల్‌స్టార్స్ అని ఒకటి తెచ్చారు. దాన్ని గిన్సూ అనే ఆయన చేపట్టి పెంచాడు. 2005లో అది ఐస్‌ఫ్రాగ్ అనే మరొకరి చేతికి వెళ్లింది. మన పట్టణాల నెట్ సెంటర్లలో కూర్చున్న కుర్రాళ్లు ఆడిన డోటా ఇలా చేతులు మారి వచ్చిందే.

ఈ మధ్యలో 2004 సెప్టెంబరులో యూల్ ఒక ప్రకటన చేశాడు. ఇకమీదట డోటా అందరిదీ, ఎవరైనా తన సమ్మతి అడగకుండానే కొత్త వెర్షన్ తేవచ్చు, తమ మ్యాప్‌లో తన పేరు ఒకసారి తలిస్తే చాలు అన్నది దాని సారాంశం. ఆ మాట మనం ఆగి చూడాలి. అతను అప్పటికే ఆట వదిలేసిన మనిషి. జరుగుతున్నదాన్ని ఆపే శక్తి అతనికి లేదు. అయినా డబ్బు అడగలేదు, తన ఇష్టప్రకారమే చేయండి అనలేదు. అడిగింది ఒక్కటి, పేరు. ఆ కోరికను తరవాతివాళ్లు తమకు తోచిన తీరులో తీర్చారు. డోటాలో వీరులు కొనుక్కునే వస్తువుల్లో ఒక దండానికి యూల్ పేరు ఉంది. గిన్సూ పేరుతో ఒక కొడవలి ఉండేది. తరవాత వాల్వ్ కంపెనీ చేసిన డోటా 2లో ఆ కొడవలి ముందున్న గిన్సూ పేరు పోయింది, యూల్ దండం మాత్రం అలాగే ఉంది.

13 ఏళ్ల తరవాత, 2017లో, ఆ ప్రకటనే కాలిఫోర్నియా కోర్టులో చర్చకు వచ్చింది. డోటాలోని వీరులను పోలిన బొమ్మలతో ఫోన్ ఆట చేసిన యూకూల్ అనే కంపెనీ, యూల్ ఎప్పుడో హక్కు వదులుకున్నాడు కదా అని వాదించింది. అవతలి వైపు బ్లిజార్డ్, వాల్వ్. విచారణ లేకుండా దీన్ని తేల్చలేనని జడ్జి అన్నారు. చట్టం సంగతి చట్టానిది. నాకు పట్టిన విషయం వేరు. ఒక కుర్రవాడు తోటివాళ్లతో మర్యాదగా చెప్పిన నాలుగు మాటలను కోట్లు గడించే కంపెనీలు అంత పట్టి పట్టి చదవాల్సి వచ్చింది.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2020 జనవరిలో వార్‌క్రాఫ్ట్ 3ని కొత్తగా ముస్తాబు చేసి విడుదల చేసినప్పుడు, ఆటగాళ్లు ఎడిటర్‌లో చేసే మ్యాపులన్నీ తమ ఆస్తేనని బ్లిజార్డ్ నిబంధన పెట్టింది. కంపెనీదే అయినప్పుడు ఇంకొకరిని అడగడమెందుకు అని కొందరంటారు. మనవాళ్లు ఈ వాదనకు లొంగకూడదు. అడవి సర్కారుదని కాగితాల్లో ఎన్నో ఏళ్లు రాసి ఉంది. కాని గూడెంలో ఏ చింతచెట్టు ఏ ఇంటివాళ్లదో, ఏ జీలుగు చెట్టుకు ఎవరు కుండ కడతారో పసిపిల్లలకు కూడా తెలుసు. సర్కారుదే కదా అని ఇంకొకడి చెట్టెక్కినవాణ్ణి ఊళ్లో ఏమంటారో చెప్పనక్కర్లేదు. యజమాని హక్కు వేరు, తోటివాడి మర్యాద వేరు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చేదాకా మనల్ని నిలబెట్టింది ఆ రెండోదే.

ఇక దిద్దడం వల్ల నష్టమేమిటి అన్న ప్రశ్న. దొంగిలిస్తే వస్తువు పోతుంది. మ్యాప్ కాపీ చేసుకుంటే అసలుది అసలుచోటే ఉంటుంది. మరి ఎవరికి ఏం పోయింది? ఇది బలమైన వాదనే. దీనికి జవాబు ఆట నడిచే తీరులోనే ఉంది. వార్‌క్రాఫ్ట్‌లో ఆట పెట్టినవాడి దగ్గరున్న మ్యాప్ ఫైల్, ఆ గదిలో చేరినవాళ్లందరి కంప్యూటర్లలోకి దిగుతుంది. వాళ్లు రేపు ఆట పెడితే అక్కడినుంచి ఇంకొందరికి. ఒకడు వెర్షన్ అంకె మాత్రం ఒకటి పెంచి, పేరు అలాగే ఉంచి, తన వీరుడికి రెట్టింపు బలం పెట్టి వదిలాడనుకోండి. పది రోజుల్లో ఏది అసలుదో ఎవరికీ తెలియదు. ఆట చెడితే తిట్లు పడేది మొదట చేసినవాడికి. అతను నిజంగానే తరవాతి వెర్షన్ తెద్దామంటే ఆ అంకె అప్పటికే ఎవరో వాడేశారు. ఫైల్ ఎక్కడికీ పోలేదు. పోయింది అతని పేరు మీద నమ్మకం. ఇది ఇంకా కావాలి, ఇది ఇక చాలు అని చెప్పే మాట కూడా అతని చేతిలోంచి జారిపోయింది.

అందుకే నా దృష్టిలో దిద్దడం అన్న ఒకే మాట కింద రెండు పనులున్నాయి. చూరు కారితే గడ్డి కప్పడం ఒకటి. గోడ పడగొట్టి గది పెంచడం ఇంకొకటి. మొదటిది మరమ్మతు. దానికి కూడా ముందు యజమానికి చెప్పడమే పద్ధతి. మ్యాప్‌లో లోపం కనిపిస్తే, ఫలానా చోట ఇలా అవుతోంది, ఇలా సరిచేస్తే పోతుంది అని చేసినవాడికి రాసి పంపాలి. చాలామంది సంతోషంగా సరిచేస్తారు, మన పేరు కూడా కృతజ్ఞతల్లో వేస్తారు. రెండోది మార్పు. అది మన అభిరుచి. ఒక వీరుడికి బలం తగ్గించడం, నది మీద ఇంకో వంతెన వేయడం లోపాన్ని సరిచేయడం కాదు, చేసినవాడితో ఏకీభవించకపోవడం. ఏకీభవించకపోయే హక్కు మనకుంది, కాని అతని పేరు మీద కాదు.

మరమ్మతు ఎంత అవసరమో చెప్పడానికి 2009 చూడాలి. వార్‌క్రాఫ్ట్ స్క్రిప్ట్ భాషలో ఒక లోపం ఉండేది. మ్యాపులు చేసేవాళ్లు ఆ లోపాన్నే తెలివిగా వాడుకుని తమకు కావలసిన పనులు చేయించుకునేవారు. దాన్నుంచి ప్రమాదకరమైన ప్రోగ్రాములు కూడా నడపవచ్చని తేలడంతో, 2009లో 1.24 అనే ప్యాచ్‌తో కంపెనీ ఆ దారి మూసేసింది. మూయడం న్యాయమే. కాని దాని మీద ఆధారపడిన పాత మ్యాపులు ఒక్కసారిగా ఆడకుండా పోయాయి. చేసినవాళ్లు ఉన్నచోట సరిచేసుకున్నారు. చేసినవాళ్లు ఎప్పుడో ఆట మానేసి ఉద్యోగాలకు, సంసారాలకు వెళ్లిపోయిన మ్యాపుల సంగతి? వాటిలో చాలావాటికి తాళాలు కూడా ఉన్నాయి. తమ పనిని ఎవరూ కెలకకుండా కొందరు ఎడిటర్‌కు కావలసిన ఫైళ్లు తీసేసి, స్క్రిప్ట్‌ను చదవరాకుండా చిందరవందర చేసి వదిలేవారు. ఆ తాళాలు తీసే పనిముట్లూ ఉన్నాయి. ఎదురుగా పాడుబడుతున్న ఇల్లు, దానికి తాళం, యజమాని జాడ లేదు.

తాళం అంటే ‘వద్దు’ అని అర్థం. చేసినవాడు అందుబాటులో ఉన్నప్పుడు ఆ తాళం తీయడం, ఎంత మంచి ఉద్దేశంతోనైనా, తప్పే. అతని పేరు పెద్ద అక్షరాల్లో వేసినా తప్పే. అడిగితే కాదంటాడని తెలిసి అడగకుండా తీసుకున్నవాడు, తరవాత పేరు వేయడం మర్యాద అనిపించుకోదు. కాని మనిషి లేడు, మ్యాప్ ఆడటం లేదు, ఆడాలనుకునేవాళ్లు ఉన్నారు. అప్పుడు తాళం తీసి, పోయినదాన్ని మాత్రం నిలబెట్టి, మళ్లీ మూయడం నాకు తప్పుగా తోచదు. లోపలికి వెళ్లాం కదా అని మన మంచం కూడా వేసుకోకూడదు. నా ఈ గీత కొందరికి మరీ సన్నగా అనిపిస్తుందని తెలుసు.

జాడ లేదని ఎలా తేల్చుకోవడం? ఒక సందేశం పంపి, రెండు రోజులు చూసి, జవాబు రాలేదని మొదలుపెట్టడం అడగడం కాదు, అడిగానని చెప్పుకోవడం. అతను చూసే చోట రాయాలి. అతనితో కలిసి పనిచేసినవాళ్లను కనుక్కోవాలి. ఒక పంటకాలం ఆగినా మ్యాప్‌కు వచ్చే నష్టం లేదు. ఊళ్లో లేనివాడి జీలుగు చెట్టుకు కుండ కట్టాలంటే వాడి అన్నదమ్ములనైనా అడుగుతాం కదా. ఇంకో సంగతి, మ్యాప్ చేసినవాడు ఒప్పుకుంటే అన్నీ ఒప్పుకున్నట్టు కాదు. కౌంటర్ స్ట్రైక్‌లో ప్రపంచమంతా ఆడిన డస్ట్ అనే మ్యాప్‌ను 1999లో డేవ్ జాన్‌స్టన్ కట్టాడు. కాని దాని గోడల మీది ఇసుకరంగు, రాతి పని క్రిస్ ఆష్టన్ గీసిచ్చినవి. ఒక్క మ్యాప్‌లో చాలాసార్లు ఇలా పలువురి చేతులుంటాయి. ఒకరి బొమ్మలు, ఇంకొకరి శబ్దాలు. మొదటి పేజీలోని కృతజ్ఞతల జాబితాను చెరిపేసినవాడు ఒక్కరి పేరు కాదు, పదిమంది పేర్లు చెరుపుతాడు.

మనలో నుంచే వచ్చే అభ్యంతరం ఒకటుంది, అది అన్నిటికంటే ఆలోచించదగ్గది. మన సంస్కృతిలో పాటకు యజమాని ఎవరు? ఒకరు ఒక చరణం కడితే ఇంకొకరు ఇంకో చరణం కడతారు. రేలపాటలో కొత్త మాట వేసినవాడు ఎవరి అనుమతి తీసుకున్నాడు? ఈ ‘నాది, నీది’ అన్నది బయటివాళ్ల బుద్ధి కాదా? ఈ మాటలో సగం నిజముంది. కాని అందరిదీ అంటే ఎవరిదీ కాదని మన పెద్దలు ఎన్నడూ అనుకోలేదు. ఆదిలాబాద్ వైపు గోండుల వంశాల కథలను ప్రధానులు, తోటీలు కిక్రీ వాయిస్తూ పాడతారు. పాడే మనిషి మారతాడు, గొంతు మారుతుంది, రాత్రిని బట్టి కథ పొడవూ మారుతుంది. అయినా ఏ కథ ఏ వంశానిదో, ఎవరు ఎవరి ఇంట పాడాలో అందరికీ తెలుసు. నాకు నచ్చలేదని ఒక వంశం మూలపురుషుణ్ణి ఇంకో వంశంలో కలిపి పాడితే అది కొత్త వెర్షన్ అనిపించుకోదు. రేలపాటలో చరణం వేసేవాడు కూడా ఆ వలయంలో చెయ్యి కలిపి ఆడుతున్నవాడే. అతని చేతిని ఇరుపక్కలా పట్టుకున్నవాళ్లు ఉన్నారు. తప్పు పాడితే అక్కడికక్కడే నవ్వుతారు. అడగకపోయినా జవాబుదారీ ఉంది. ముఖం తెలియని మనిషి ఫైల్ తెరిచి, మారుపేరుతో మార్చి వదిలినప్పుడు అది ఉండదు. అది లేనిచోట అడగడం తప్పనిసరి.

ఇది మన మీదకే వచ్చే రోజు దగ్గర్లోనే ఉంది. ఉట్నూరు హాస్టల్లో చదివే ఒక పిల్లవాడు తన గూడేన్ని మ్యాప్‌గా కట్టాడనుకుందాం. ఇప్పచెట్లు, వాగు, దండారికి గుస్సాడీలు ఆడే వాకిలి, ఊరి బయట పెన్ ఉండే చోటు. పెన్ చోటికి ఎవరూ ఎక్కకుండా చుట్టూ కంచె పెట్టాడు. ఆ కంచె ఎందుకో అతను ఎక్కడా రాయలేదు, ఎందుకంటే వాళ్ల ఊళ్లో ఎవరికీ రాసి చెప్పనక్కర్లేదు. ఎక్కడో ఉన్న ఇంకో ఆటగాడికి అది ఉత్త అడ్డంకి. కంచె తీసేసి, ఆ ఎత్తు మీద తుపాకీ పట్టుకుని కూర్చునే చోటు పెట్టి, ‘మెరుగుపరిచిన వెర్షన్’ అని పంచుతాడు. అతనికి దురుద్దేశం లేదు. ఆట నిజంగానే రంజుగా మారి ఉండవచ్చు. లోపం అని మనకు కనిపించేది చేసినవాడి ఉద్దేశం కావచ్చు, అతణ్ణి అడిగితే తప్ప ఆ తేడా తెలిసే దారి లేదు. ‘బాగుచేశాను’ అన్నవాళ్లు మన బతుకుల్లో చాలామంది వచ్చారు. వాళ్లలో అడిగి బాగుచేసినవాళ్లు ఎందరో లెక్కపెట్టుకోవచ్చు.

కాబట్టి మ్యాపులు కట్టే మన పిల్లలకు టీచర్లు ముందు నేర్పవలసింది ఎడిటర్ కాదు, ఆ డూమ్ కాగితం. ఆధారం, సాయపడినవాళ్లు, అనుమతి అన్న మూడు గళ్లు తెలుగులోనో గోండీలోనో కోయలోనో నింపించాలి. తరగతిలో ఒకరి మ్యాప్‌ను ఇంకొకరికిచ్చి, మార్చే ముందు ఏమేం అడగాలో రాయమనాలి. నేను కనబడకుండా పోతే దీన్ని ఎవరు చూసుకోవచ్చో కూడా ఒక వాక్యం రాయిస్తే, 2009లాంటి రోజు వచ్చినప్పుడు తాళాలు పగలగొట్టే అవసరమే రాదు.

ఒక్క చిక్కు మిగిలింది. అడిగాం, ఆగాం, జవాబు రాలేదు. మరమ్మతు చేశాం, అంతటితో ఆగక వేరే పేరు పెట్టి, పాతది పాతచోటే ఉంచి, మన మార్పులతో అయిదేళ్లు నడిపాం. అప్పుడు ఆ మనిషి తిరిగొచ్చి, నాకిది నచ్చలేదు, తీసేయండి అన్నాడు. అయిదేళ్ల మన చెమటకు విలువ లేదా అని కుర్రాళ్లు అడుగుతారు. ఆడుతున్నవాళ్ల మాటేమిటి అనీ అడుగుతారు. చెమటకు విలువ ఉంది. అందుకే మనం గీసిన బొమ్మలు, మనం రాసిన స్క్రిప్టు, మనం కల్పించిన వీరులు మనవే, వాటిని ఎవరూ దించమనలేరు. అతని నేల మాత్రం అతనికి వదిలేయాలని నా అభిప్రాయం. ఆడేవాళ్లు కొన్నాళ్లు తిడతారు. మనం మన సామాను తీసుకుని కొత్త నేల మీద మొదటినుంచి కట్టుకోవాలి. ఈసారి నదులు, దారులు, గుట్టలు అన్నీ మనవే ఉంటాయి. ఆధారం అన్న గడిలో మాత్రం ఆ పాత మ్యాప్ పేరు, దాన్ని చేసిన మనిషి పేరు రాస్తాం.